కాగితపు కందిరీగలను పెంచే ముందు జాగ్రత్తలు

ఐరోపాలో వసంతం రాగానే పోలిస్టిస్ డొమినులా అనే కాగితపు కందిరీగల రాణులు కొత్త గూళ్లు మొదలుపెడతాయి. వాటిని పెట్టెలో పెంచదలచినవారు ముందుగా ఇవి చూసుకోవాలి.

– కందిరీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు లేచినవారు గాని, ఊపిరాడక ఇబ్బంది పడినవారు గాని ఇంట్లో ఉంటే ఈ ఆలోచన మానుకోవాలి. తీవ్రమైన అలర్జీకి వెంటనే వేసుకునే ఎపినెఫ్రిన్ సూది దగ్గరున్నా, మరోసారి కుడితే ప్రాణం మీదికి రావచ్చు.

– జర్మనీలో తగిన కారణం లేకుండా అడవి జీవులను పట్టడం చట్టవిరుద్ధం కనుక, మీ దేశపు నిబంధన ముందే తెలుసుకోవాలి.

– గూటి పనులు చేసే కూలి కందిరీగలు పుట్టకముందే, చల్లని వేళ గూటిని తరలించాలి. తరువాత కుట్టేవి ఎక్కువవుతాయి.

– చక్కెర నీళ్లు పెద్దవాటికి చాలుతాయి గాని, పిల్లపురుగులకు మాంసకృత్తులు కావాలి కాబట్టి, పురుగుమందు తగలని గొంగళిపురుగులను సమకూర్చుకోవాలి. మేత కరవైతే పెద్దవి తమ గూటి పిల్లలనే తినేస్తాయి; కొత్తవారు తేలిగ్గా తీసుకునేది దీన్నే.

– ఇవి చెక్క నారను నమిలి కాగితం లాంటి గూడు కడతాయి కనుక, రంగు వేయని పాత చెక్క ఉంచాలి.