విమానం మాట రాకముందే రైలు టికెట్టు తీసేయండి

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను. మా వాళ్ళు హైదరాబాదు, చెన్నై, విశాఖ ఎక్కడికి పోవాలన్నా టికెట్లు తీసేది నేనే. చుట్టాల్లో కూడా ఆ పని నాకే వచ్చి పడింది. రైల్లో పోగలిగిన ఊరికి విమానం ఎక్కకూడదని నా గట్టి నమ్మకం. తోతాపురి పూత నిలుస్తుందా రాలుతుందా అని ఏడాదికోసారి ఆకాశం వైపు చూసే వ్యాపారం మాది. ఎండలు పెంచే పొగ మన వంతుగా ఎంత తగ్గితే అంత మేలని మాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆ మాట చెప్పినంత మాత్రాన మనుషులు రైలెక్కరు. ఎక్కేలా ఏం చేయాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు లెక్క మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. కిలో విమాన ఇంధనం కాలితే మూడు కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ కూడా కలుస్తుంది కాబట్టి బరువు పెరుగుతుంది. బ్రిటన్ ప్రభుత్వం 2022లో ఇచ్చిన లెక్కల ప్రకారం, దేశం లోపల తిరిగే విమానంలో ఒక మనిషి ఒక కిలోమీటరు పోతే 246 గ్రాముల కాలుష్యం, రైల్లో పోతే 35 గ్రాములు. ఇదే రేటు మన దారికి వేసి చూడండి. రేణిగుంట నుంచి శంషాబాదుకు ఆకాశంలో సుమారు 420 కిలోమీటర్లు. అంటే మనిషికి 103 కిలోలు. తిరుపతి నుంచి సికింద్రాబాదుకు వందే భారత్ 660 కిలోమీటర్ల దాకా నడుస్తుంది. దారి అంత చుట్టు తిరిగినా మనిషికి 23 కిలోలే. మన బ్రాడ్‌గేజ్ లైన్లలో 99 శాతం దాకా కరెంటు మీదే నడుస్తున్నాయి. ఆ కరెంటులో ఎక్కువ భాగం ఇవాళ బొగ్గుదే, నిజమే. కానీ సోలారు, గాలి కరెంటు పెరిగేకొద్దీ అదే రైలు ఇంకా శుభ్రమవుతుంది. విమానానికి అలాంటి దారి ఇప్పట్లో లేదు.

చిత్తూరు వాళ్ళకు ఇంకో ఖర్చు కూడా ఉంది. మనకు ఊళ్ళో విమానాశ్రయం లేదు. రేణిగుంటకు పోవాలన్నా 80 కిలోమీటర్ల దాకా కారులో పోవాలి. ఒక్కరే పోతే ఆ పెట్రోలు పొగే ఇంకో 13 కిలోలు. చెన్నైకో బెంగళూరుకో పోయి విమానం పట్టుకునే వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంత లెక్క చెప్పి, దీన్ని ఎదుటివాళ్ళ ముందు మొదటే పెట్టొద్దని అంటాను. పెడితే తప్పు చేసిన వాళ్ళను నిలదీసినట్టు ఉంటుంది, మనసు మూసుకుంటారు. అడిగినప్పుడు చెప్పండి. మొదట వాళ్ళకు కావలసింది ఇవ్వండి.

మా ఎండీ గారికి కావలసింది టైము. హైదరాబాదులో పదింటి మీటింగుకు విమానంలో పోవాలంటే ఇంటి నుంచి రేణిగుంటకు గంటన్నర పైన, అక్కడ చెకింగులూ కూర్చోవడమూ, గంటకు పైగా గాల్లో, మళ్ళీ శంషాబాదు నుంచి ఊళ్ళోకి ట్రాఫిక్కు. తెల్లవారుజామున లేచినా టెన్షనే, లేదంటే ముందురోజే పోయి హోటలు గది తీసుకోవాలి. వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ మన చిత్తూరులోనే బయలుదేరుతుంది. రాత్రంతా నిద్రపోతే పొద్దుటికి కాచిగూడ. ఆయన ఒకసారి "ఏమ్మా, ఫ్లైట్ చూడలేదా?" అని అడిగారు. "చూశాను సార్. వెంకటాద్రిలో సెకండ్ ఏసీ కింది బెర్తు కన్ఫర్మ్ అయింది, టికెట్టు మీ ఫోనుకు పంపాను" అన్నాను. "సరే అయితే" అన్నారు. అంతకుమించి మాటే రాలేదు.

అసలు కిటుకంతా అక్కడే ఉంది. "రైలా, విమానమా?" అని అడిగితే చాలామంది విమానమే అంటారు. చేతిలో కన్ఫర్మ్ టికెట్టు పెడితే దాన్ని రద్దు చేయించే ఓపిక ఎవరికీ ఉండదు. మనవాళ్ళు విమానం ఎక్కేది ఎక్కువగా ఇష్టంతో కాదు, రైల్లో బెర్తు దొరక్క. బెర్తు దొరకనిది ఆలస్యంగా చూసుకోవడం వల్ల. కాబట్టి మీరు చేయాల్సిన పని అంతా ముందు రోజుల్లోనే ఉంటుంది.

2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులు ఉండేది. ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది. మీ ఇంట్లో ప్రయాణం తేదీ ఖాయమైందని చెవిన పడగానే 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే కలిపి ఉంచండి. ఇంట్లో వాళ్ళ పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ఎక్కించి పెడితే ఆ పొద్దున టైపు చేసే పని తప్పుతుంది. వయసు మాత్రం నిజమే వేయండి. మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 45 దాటితే కింది బెర్తు వచ్చే అవకాశం ఎక్కువ. మా అత్తమ్మలాంటి మోకాళ్ళ నొప్పుల వాళ్ళు "రైలొద్దు" అనేది పై బెర్తు భయంతోనే.

కొండకు వచ్చే చుట్టాల విషయంలో ఇది ఇంకా తేలిక. 300 రూపాయల దర్శనం టికెట్లు టీటీడీ సుమారు మూడు నెలల ముందే విడుదల చేస్తుంది. అంటే దర్శనం తేదీ రైలు రిజర్వేషన్ తెరవకముందే వాళ్ళ చేతిలో ఉంటుంది. హైదరాబాదులో ఉండే మా తోడికోడలికి నేను చెప్పేదొకటే: "దర్శనం టికెట్టు దొరికిన రోజే నాకు ఫోన్ చెయ్యక్కా, రైలు సంగతి నేను చూసుకుంటా." నారాయణాద్రి, పద్మావతి, వెంకటాద్రి రాత్రి రైళ్ళు. పగలు రావాలంటే 2023 ఏప్రిల్‌లో మొదలైన వందే భారత్ ఉంది, ఎనిమిది గంటల పైచిలుకు ప్రయాణం. చెన్నైకైతే సప్తగిరి ఉండగా విమానం గురించి ఆలోచించడమే అనవసరం.

వెయిటింగ్ లిస్టు వస్తే వెంటనే చేతులెత్తేయకండి. రైలు మొదలయ్యే స్టేషను నుంచి టికెట్టు తీస్తే జనరల్ వెయిటింగ్ లిస్టులో పడతారు, అది ఎక్కువగా కదులుతుంది. మధ్య స్టేషన్ల నుంచి తీస్తే పూల్డ్ కోటా, అది మెల్లగా కదులుతుంది. అందుకే తిరుపతి వాళ్ళు రేణిగుంట మీదుగా పోయే రైలు కంటే తిరుపతిలోనే బయలుదేరే రైలు చూసుకోవడం మేలు. ఆర్ఏసీ వస్తే ఎక్కవచ్చు, సైడు బెర్తులో సగం మీదే. చివరికి తత్కాల్ ఉంది: ముందురోజు ఏసీకి పొద్దున 10కి, స్లీపరుకు 11కి. 2025 జూలై నుంచి దానికి ఆధార్ తప్పనిసరి.

రైలు ఆలస్యమైతే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మన తిరుపతి, పాకాల, కాట్పాడి దారి సింగిల్ లైను, ఎదురు రైలు కోసం ఆగక తప్పదు. 104 కిలోమీటర్ల ఈ దారిని డబ్లింగ్ చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్లతో ఒప్పుకుంది. అది పూర్తయ్యేదాకా, రైలు దిగిన గంటకే మీటింగు పెట్టకండి, రెండు మూడు గంటలు వదలండి. స్నానానికీ టిఫినుకీ ఆ టైము పనికొస్తుంది.

ఎవరినైనా మొదటిసారి రైలెక్కిస్తుంటే ఆ ప్రయాణం బాగుండేలా చూడటం మీ బాధ్యత. డబ్బు చూసుకుని అందరినీ స్లీపరులోకి తోయకండి. విమానానికి పెట్టబోయిన డబ్బుతో పోలిస్తే సెకండ్ ఏసీ చాలాసార్లు తక్కువకే వస్తుంది. చిత్రాన్నం, పెరుగన్నం కట్టివ్వండి. మధ్య బెర్తు రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకే ఎత్తి వేసుకోవాలన్న నియమం చెప్పి పంపండి, సగం గొడవలు అక్కడే తప్పుతాయి. ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయమనండి.

అన్నిటికీ పట్టుబట్టకూడదు. ఢిల్లీకి సంపర్క్ క్రాంతి రైలు ఉంది గానీ దాదాపు రోజున్నర పడుతుంది. ఎవరికైనా సీరియస్‌గా ఉందని కబురొస్తే రైలు మాట ఎత్తడమే తప్పు. అలాంటప్పుడు మధ్యలో దిగి మారే విమానం కాకుండా నేరుగా పోయేది తీయండి, పైకి లేచేటప్పుడే ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఆఫీసు పనులైతే రెండు ప్రయాణాలను ఒకటిగా కలపండి. మా ఆఫీసులో ఇప్పుడు ఒక మాట రాసుకున్నాం: ఒక్క రాత్రిలో చేరే ఊరికి రైలే, విమానం కావాలంటే కారణం రాసి సంతకం చేయాలి. మీరు పనిచేసే చోట అడిగి చూడండి. ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి అకౌంట్స్ వాళ్ళు మీ వైపే ఉంటారు.

సంక్రాంతికి ఊరికొచ్చే పిల్లలు ఉంటే, జనవరి 12 రైలుకు రిజర్వేషన్ నవంబరు 13 పొద్దున 8 గంటలకు తెరుచుకుంటుంది. తిరుగు ప్రయాణం తేదీ కూడా వాళ్ళను ఇప్పుడే అడిగి ఉంచుకోండి.