పెంకుటింటికి కొత్త గది కలుపుతున్నారా? కప్పు ఎప్పుడు విప్పుతారో ముందు తేల్చుకోండి

సంక్రాంతికల్లా కొత్త గదిలో దిగాలని వానల్లోనే పని మొదలుపెట్టేవాళ్లు మన శ్రీకాకుళం వైపు ఎక్కువ. మేమూ అదే చేశాం. నరసన్నపేట దగ్గర తాతగారి ఇంటి వెనక గది కలపడానికి 2021 సెప్టెంబరులో సగం పెంకులు దింపించాం. 26వ తేదీ రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కట్టిన టార్పాలిన్ ఎటు పోయిందో తెలీదు. తెల్లారి చూస్తే మట్టిగోడ వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది.

కప్పు విప్పే పని సంక్రాంతి వెళ్లాకే పెట్టుకోండి. అక్టోబరు అసలు వద్దు: హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో ఆ నెలలోనే వచ్చాయి. వేసవిలోనూ సాయంత్రం గాలివానలుంటాయి కాబట్టి విప్పిన మేర ఆ రోజే కప్పేయాలి. పెంకులు ఒకవైపు వాలునే ఖాళీ చేయొద్దు, రెండువైపులా వరసగా దింపాలి. దింపిన పెంకుల కుప్పలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, తేళ్లు చేరతాయి. దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. పైకి నున్నగా ఉన్నా చెదలు ముందు తినేది అక్కడే.

పాత గోడకి సిమెంటు పూస్తే గట్టిగా ఉంటుందని మేస్త్రి అంటాడు. ఒప్పుకోకండి. సున్నం పూత గోడలోని చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. కొన్నాళ్లకి పెచ్చులు రాలతాయి.

అన్నిటికంటే ముఖ్యం, కొత్త స్లాబుని పాత గోడ మీద ఆనించొద్దు. పాత పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇంకా కాస్త కుంగుతుంది. రెంటినీ కలిపేస్తే పగులు ఖాయం. కొత్త గదికి సొంత పిల్లర్లు వేసి, మధ్యలో అంగుళం సందు వదిలి, వాన దిగకుండా పైన రేకు కప్పించండి. పాత గోడ పక్కన గొయ్యి పొడవునా ఒకేసారి తవ్వనివ్వకండి. మూడు నాలుగు అడుగులు తవ్వి, ఆ పని ముగించాకే తర్వాతది.

బరువంతా పిల్లర్ల మీదే ఉంటే లోపలి అడ్డుగోడలు రేపు మార్చుకోవచ్చు. ఇవాళ పిల్లల చదువు గది, పదేళ్లకి మెట్లెక్కలేని అమ్మకి పడకగది. అందుకే బాత్రూమ్ పైపు ఇప్పుడే వేయించి మూత బిగించాం. తలుపు వెడల్పు మూడడుగుల పైనే, గడప లేదు. గడప లేని గదేమిటని పెద్దమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. సింహద్వారం గడప కదపలేదుగా అంటే, దానికి పసుపు రాసి వచ్చి కూర్చుంది.