కాంట్రాస్ట్ 21 కాదు, 13: నా నల్ల థీమ్ కుదిరిన తీరు

మొదటిసారి కోడ్ రాసే ఎడిటర్‌కి సొంత థీమ్ (రంగుల అమరిక) చేసుకున్నప్పుడు బ్యాక్‌గ్రౌండ్ పూర్తి నలుపు, అక్షరాలు పూర్తి తెలుపు పెట్టాను. కాంట్రాస్ట్, అంటే ఆ రెండింటి వెలుగుల నిష్పత్తి, 21:1. అంతకు మించి ఉండదు. గంట తిరక్కుండానే ఒక్కో అక్షరం చుట్టూ వెలుగు అలుముకున్నట్టు కనిపించింది. నాకు ఆస్టిగ్మాటిజం ఉంది, అంటే కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేక చూపు చెదిరే లోపం. తెర చీకటిగా ఉంటే కంటిపాప పెద్దదై ఆ లోపం ఇంకా బయటపడుతుంది.

కాబట్టి రెండు కొసలూ కాస్త లోపలికి జరపండి. నా బ్యాక్‌గ్రౌండ్ ఆర్జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా) 26, 26, 26. అక్షరాలు 224, 224, 224. కాంట్రాస్ట్ దాదాపు 13:1. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు మామూలు అక్షరాలకు కనీసం 4.5, ఇంకా కఠినంగా అయితే 7 ఉండాలంటాయి. కామెంట్లు (కోడ్ మధ్యలో మనకోసం రాసుకునే గమనికలు) తప్ప అన్నిటికీ నేను 7 పెట్టుకున్నాను.

రంగుల దగ్గర కంటిని నమ్మకండి, కాంట్రాస్ట్ చెకర్‌లో కొలవండి. వెలుగు లెక్కలో ఆకుపచ్చ వాటా 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. గాఢంగా ఉంది కదా అని కీవర్డ్‌లకు (ఇఫ్, ఫర్ లాంటి ప్రోగ్రామింగ్ భాష సొంత పదాలకు) అచ్చ నీలం పెడితే నా బ్యాక్‌గ్రౌండ్ మీద 2 వచ్చింది. దానికి తెలుపు కలిపి 130, 170, 255 చేశాక 7.6 అయింది.

రంగులు నాలుగు చాలు: కీవర్డ్‌లు, స్ట్రింగ్‌లు (కోట్స్ మధ్య రాసే మాటలు), ఫంక్షన్ పేర్లు, కామెంట్లు. వేరియబుల్స్‌కి కూడా వేసి చూశాను, కోడంతా రంగుల రాట్నంలా తయారైంది.

కామెంట్లను మరీ వెలిసిపోయేలా చేయకండి. నేను 85, 85, 85 బూడిద రంగు పెట్టాను, అంటే 2.3. ఆరు నెలల కిందట నేనే రాసుకున్న ‘ఈ లైను తీయొద్దు’ అనే కామెంటు కంటికి ఆనక ఆ లైను తీసేశాను. సాయంత్రమంతా దాని వెనకే పోయింది. ఇప్పుడు 138, 138, 138. కాంట్రాస్ట్ 5.

చాలామంది మరిచిపోయేది సెలెక్షన్ రంగు, అంటే సెలెక్ట్ చేసిన అక్షరాల వెనక వచ్చే రంగు. 50, 70, 110 నీలం మీద మామూలు అక్షరాలు బాగానే ఉన్నాయి, కామెంట్లు మాత్రం 2.7కి పడిపోయాయి. నీలాన్ని 38, 50, 75కి ముదురు చేస్తే 3.7 వచ్చింది. సెలెక్ట్ చేసిన ఆ కాసేపటికి అది చాల్లే అని వదిలేశాను.

ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ఉంటారు. అందుకే తప్పులకు ఎరుపుతో పాటు అండర్‌లైన్ కూడా పెట్టండి. ఒకసారి తెర మొత్తాన్ని గ్రేస్కేల్‌లోకి మార్చి చూస్తే ఏది దేనిలో కలిసిపోతోందో తెలిసిపోతుంది.

నేను వాడే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో దీనికోసం ఎక్స్‌టెన్షన్ రాయక్కర్లేదు. సెట్టింగ్స్ ఫైల్లో ‘వర్క్‌బెంచ్ కలర్ కస్టమైజేషన్స్’ కింద తెర రంగులు, ‘ఎడిటర్ టోకెన్ కలర్ కస్టమైజేషన్స్’ కింద కోడ్ రంగులు రాసుకోవచ్చు. అక్కడ హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) ఇవ్వాలి, 26 అంటే 1ఏ. ఒక పదానికి రంగు ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుపట్టకపోతే కర్సర్ దాని మీద ఉంచి ‘ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్’ కమాండ్ నడపండి.

ఇదంతా రాత్రి పనికి. పగలు కిటికీ పక్కన కూర్చుంటే నల్ల తెరలో కోడ్ కన్నా నా మొహమే బాగా కనిపిస్తుంది. అప్పుడు తెల్ల థీమ్‌కి మారిపోతాను.