అమ్మానాన్నల దగ్గర కొన్నాళ్లుంటున్నారా? గరిటె మీ చేతిలో పెట్టుకోండి

ఇల్లు మారేలోపు రెండు నెలలు విశాఖలో అమ్మావాళ్ల దగ్గర ఉందామని వచ్చాను. మూడో వారానికే ప్యాంటు బొత్తాం మొరాయించింది. అమ్మకు "వద్దమ్మా" అంటే "ఇంకొంచెం" అని వినిపిస్తుంది. ఫోన్ వైపు చూసేలోపు కంచంలో ఇంకో గరిటెడు అన్నం, పైన నెయ్యి. వాదించి లాభం లేదు. గిన్నెలు నా పక్కకు జరుపుకొని నేనే వడ్డించుకోవడం మొదలుపెట్టాను. ముందు ఆనపకాయ కూరో తోటకూరో సగం కంచం నిండా, ఆ తర్వాతే అన్నం. కూర మారు అడిగితే అమ్మకూ ఆనందమే.

నాన్నతో రైతుబజారుకు వెళ్లి సంచి మీరే పట్టుకోండి. కూరలు మీరు ఎంచితే వంట దానంతటదే మారుతుంది. బంగాళాదుంపలు మాత్రం ఆయన ఎలాగూ వేయించేస్తారు.

నడకకు ఆర్కే బీచ్ ఉండనే ఉంది. పొడి ఇసుకలో కాళ్లు దిగబడతాయి కాబట్టి పిక్కలకు పని ఎక్కువ. అలవాటు లేకపోతే మొదట పది నిమిషాలు చాలు, మిగతాది రోడ్డు మీద నడవండి. ఎండెక్కితే ఉక్కపోత భరించలేం, ఏడు లోపే ముగించాలి. అమ్మనూ తీసుకెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు బజ్జీల బండి దగ్గర ఆగకండి. మేం ఆగాం.