అశ్వగంధ: గింజ నుంచి నెల మొక్క దాకా

అశ్వగంధ ఎండకు ఓర్చుకునే మొండి పంటే. కానీ ఆ ఓర్పు మొక్కకు నెల దాటాకే వస్తుంది. అంతకుముందు అది టమాట నారు కన్నా సుకుమారం. చేవెళ్ల, షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు చల్క నేలల్లో వేసేవారు ఈ 30 రోజుల మీదే కన్నేసి ఉంచాలి.

ముందు విత్తనం. ఏడాది దాటిన గింజ కొనకండి, మొలక శాతం బాగా పడిపోతుంది. అలాగని పండు కోసిన వారానికే వేసినా సరిగా మొలవదు, కొత్త గింజకు కొన్నాళ్లు నిద్రావస్థ ఉంటుంది. ఎండాకాలానికి ముందు తీసి నీడలో ఆరబెట్టిన గింజ వానాకాలానికి అదునుగా ఉంటుంది. పోషిత, రక్షిత రకాలు కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ సీమ్యాప్‌వి. ఆ సంస్థ పరిశోధన కేంద్రం హైదరాబాద్ పక్కన మన బోడుప్పల్‌లోనే ఉంది, ముందు అక్కడ అడగండి. సొంత విత్తనమైతే, బుడ్డలాంటి పొర లోపల కాయ పూర్తిగా ఎర్రబడ్డాకే తీసి, నీళ్లలో నలిపి కడగండి. తాలు పైకి తేలుతుంది, అడుగున మిగిలినదే విత్తనం.

పొలంలో చల్లేముందు 100 గింజలు తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా 10 రోజులు చూడండి. 70 మొలిస్తే మంచి విత్తనం. 50 దగ్గర ఆగితే మోతాదు ఒకటిన్నర రెట్లు చేయండి. 40 కూడా రాకపోతే ఆ విత్తనం వద్దు. మొలక మందకొడిగా వస్తుంటే 24 గంటలు మంచినీళ్లలో నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. జిబ్బరెల్లిక్ ఆమ్లం (మొక్కల పెరుగుదల హార్మోను) కలిపిన నీళ్లలో నానబెడితే ఇంకా బాగా లేస్తుంది. దాని పొడి నేరుగా నీళ్లలో సరిగా కరగదు, ముందు కొన్ని చుక్కల స్పిరిట్‌లో కరిగించుకోవాలి. నానిన గింజను నీడలో ఆరబెట్టి, కిలోకు 10 గ్రా. ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగుళ్లను అడ్డుకునే మేలుచేసే శిలీంధ్రం పొడి) పట్టించండి.

మఖ, పుబ్బ కార్తెలు మంచి అదను. జడివానల్లో వేస్తే గింజ కొట్టుకుపోతుంది. ఎకరాకు చల్లడానికి 4-5 కిలోలు, నారు పోసి నాటితే 2 కిలోలు చాలు. గింజకు ఐదింతలు ఇసుక కలిపితే సమానంగా పడుతుంది. లోతు 1 సెం.మీ. దాటకూడదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: గుంటకతో లోతుగా కప్పేసి, మొలవలేదని విత్తనాన్ని తప్పుపడతారు. తేమ, వెచ్చదనం ఉంటే 7-10 రోజుల్లో మొలకలు కనిపిస్తాయి.

బోరు నీళ్లు ఉప్పగా ఉండి, ఆరిన మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే బోదె నెత్తిన విత్తకండి. నీరు ఆవిరయ్యేకొద్దీ ఉప్పంతా నెత్తికే చేరుతుంది. బోదె పక్కన, సగం ఎత్తులో విత్తండి. ఉప్పుకు గింజ, మొలక తట్టుకోలేవు. పెరిగిన మొక్క కొంత తట్టుకుంటుంది.

రెండాకుల దశలో మొక్కలు గుంపులుగా పడిపోతుంటే ఒకటి పీకి చూడండి. నేలకు ఆనే చోట కాడ గోధుమరంగుకు తిరిగి, దారంలా సన్నబడి, తడిగా ఉంటే అది నారుకుళ్లు. నీళ్లు నిలవడం, ఒత్తుగా చల్లడం రెండూ దీనికి కారణాలే. వెంటనే నీళ్లు ఆపి, కాలువ తీసి, మొక్కల మొదళ్లు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రా. కలిపి పోయండి. టమాట, వంకాయ, మిరప వేసిన మడిలో అశ్వగంధ వద్దు. అదే కుటుంబం కాబట్టి వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగు, ఆకులు గీకి తినే అక్షింతల పురుగు దీన్నీ పడతాయి.

25-30 రోజులకు కలుపు తీస్తూనే ఒత్తు మొక్కలు పీకేసి, వరుసలో మొక్కకూ మొక్కకూ 8-10 సెం.మీ. ఎడం ఉంచండి. పీకడానికి మనసొప్పక వదిలేస్తే చివరికి వేరు లావెక్కదు.

ఇక్కడి నుంచి నీళ్లు తగ్గించండి. మధ్యాహ్నం ఆకు వాడి సాయంత్రానికి తేరుకుంటుంటే తడి అక్కర్లేదు, పొద్దున కూడా వాడి ఉంటేనే ఇవ్వండి. నీళ్లు, యూరియా ఎక్కువైతే ఆకు ఏపుగా కనిపిస్తుంది గానీ, వేరు తిన్నగా దిగకుండా పీచుపీచుగా చీలిపోతుంది. కొనేవాళ్లు ధర కట్టేది తిన్నగా దిగిన లావు వేరుకే.