అంగస్తంభన సమస్యకు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకునే విధానం: ఓపీ కిటికీ దగ్గర ఏమని చెప్పాలి?

కొంతకాలం కిందట మా మేనమామకు తోడుగా ఉత్తర తెలంగాణలోని ఒక పెద్దాసుపత్రికి వెళ్లాను. ఓపీ చీటీల వరుసలో మా ముందు నలభై ఏళ్ల మనిషి ఒకరు నిలబడ్డారు. కిటికీ లోపలి నుంచి "ఏం ఇబ్బంది?" అని అడిగారు. ఆయన మెడ తిప్పి వెనక వరుసంతా ఒకసారి చూశారు, తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని. తర్వాత గొంతు తగ్గించి "నరాల బలహీనత" అన్నారు. చీటీ మీద న్యూరాలజీ అని పడింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు అదే మనిషి మెట్ల మీద కూర్చుని కనిపించారు. చేతిలో కాళ్ల నరాల పరీక్ష చేయించుకోమని రాసిన కాగితం. పక్కన పాలిథిన్ సంచి, అందులో నల్లటి లేహ్యం సీసా. మా మామ పలకరిస్తే నెమ్మదిగా చెప్పుకొచ్చారు. పెళ్లై పదమూడేళ్లు. రెండేళ్లుగా అంగస్తంభన లేదు. లాడ్జి గదిలో నెలకోసారి కూర్చునే ఒక "డాక్టరు"కు విడతలుగా ఇరవై మూడు వేలు కట్టారు. చివరికి ధైర్యం చేసి ఇక్కడికి వస్తే కాళ్లకు పరీక్ష రాశారు. "ఇక నా బతుకు ఇంతే అనుకుంటున్నాను బాపూ" అన్నారు మా మామతో. ఆయనను తిరిగి కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి సరైన చీటీ రాయించేసరికి ఆ పూట ఓపీ ముగిసింది. మరుసటి వారం మళ్లీ రావలసి వచ్చింది. అలా తిరిగి రాకుండా ఇంటికి వెళ్లిపోయేవారు ఎందరో ఉంటారు. ఇది వారి కోసం రాస్తున్నాను.

ఎక్కడికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్ వైపు వారికి పెద్ద దిక్కు వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి. కాకతీయ వైద్య కళాశాల ఆవరణలో ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాద్ వారికి అక్కడి ప్రభుత్వ జనరల్ ఆసుపత్రులు, ఆదిలాబాద్ వారికి రిమ్స్. ఈ సమస్యను చూసేది యూరాలజీ, అంటే మూత్ర, పురుషాంగ సమస్యల విభాగం. ఆ ఓపీ ఏ రోజు, ఏ భవనంలో నడుస్తుందో విచారణ కౌంటర్‌లో ముందుగా అడిగి తెలుసుకుంటే ఒక ప్రయాణం మిగులుతుంది. ఉదయం తొమ్మిదికల్లా వరుసలో ఉండండి.

ఓపీలో చూపించుకోవడానికి రేషన్ కార్డు అక్కర్లేదు. ఆరోగ్యశ్రీ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం, దీనికి దాని అవసరం రాదు. ఎవరి సిఫారసూ వద్దు. పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు చెబితే చీటీ ఇస్తారు. ఆధార్ దగ్గర ఉంటే మంచిదే. భార్యను వెంట తీసుకువెళ్లాలన్న నియమం లేదు. ఆమె వస్తానంటే మాత్రం వద్దనకండి, డాక్టరు చెప్పేది ఇద్దరూ వింటే ఇంట్లో సగం అపార్థం తొలగిపోతుంది. ఓపీ హాలులో ఆభా (కేంద్ర ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) క్యూఆర్ కోడ్ అతికించి ఉంటే ఫోనుతో స్కాన్ చేయండి. మీ పేరు, చిరునామా నేరుగా కౌంటర్‌కు చేరి టోకెన్ వస్తుంది. ఆ టోకెన్ మీద జబ్బు పేరు ఉండదు.

కిటికీ దగ్గర చెప్పవలసిన మాట

అందరూ తడబడేది ఇక్కడే. మన వైపు ఈ సమస్యను మర్యాదగా చెప్పడానికి వాడే మాట "నరాల బలహీనత". చీటీ రాసేవారికి ఆ మాట వినగానే పక్షవాతం, తిమ్మిర్లు, మూర్ఛ గుర్తుకొస్తాయి. అది వారి తప్పు కాదు. "నడుము నొప్పి" అంటే ఎముకల విభాగానికి పంపుతారు. "నీరసం" అంటే జనరల్ మెడిసిన్‌లో బలం మాత్రలు రాసి పంపిస్తారు. మూడు చోట్లా మీరు మూడు పూటలు కూర్చుంటారు, అసలు మాట మీ నోటి నుంచి బయటికి రాదు.

కిటికీ దగ్గర జబ్బు పేరు చెప్పనవసరం లేదు. విభాగం పేరు చెప్పండి. "యూరాలజీకి ఒక చీటీ ఇవ్వండి" అంటే చాలు. ఎందుకని అడిగితే "డాక్టరు గారితోనే చెబుతాను" అనండి. చీటీ చేతికి రాగానే పక్కకు జరిగి, దాని మీద ఏ విభాగం పేరు పడిందో చదవండి. చదవడం రాకపోతే పక్కన ఉన్న నర్సును అడగండి. వరుస దాటి వెళ్లాక మార్పించుకోవడం కష్టం.

మీ దగ్గరి ఆసుపత్రిలో యూరాలజీ లేకపోతే జనరల్ మెడిసిన్ చీటీ తీసుకోండి. కానీ లోపలికి వెళ్లాక మాత్రం అసలు విషయమే చెప్పాలి.

లోపల రెండో తడబాటు ఎదురవుతుంది. బోధనాసుపత్రి కాబట్టి గదిలో డాక్టరుతో పాటు నలుగురైదుగురు వైద్య విద్యార్థులు ఉంటారు, అందులో అమ్మాయిలూ ఉంటారు. తలుపు దాకా వచ్చి గొంతు పెగలక వెనుదిరిగే సమయం అది. "కొంచెం ఒంటరిగా చెప్పుకోవాలి" అని అడగడం మీ హక్కు, రోగి గోప్యత కాపాడడం డాక్టరు బాధ్యత. అది కూడా నోటితో అడగలేకపోతే ఇంటి దగ్గరే ఒక తెల్లకాగితం మీద రాసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకోండి. మెట్ల మీద కనిపించిన ఆ పెద్దమనిషికి మా మామ రాసిచ్చిన కాగితాన్ని కొంచెం సరిచేసి ఇక్కడ ఇస్తున్నాను. ఎవరైనా వాడుకోవచ్చు.

"డాక్టరు గారికి నమస్కారం. నా వయసు … ఏళ్లు. … నెలల నుంచి నాకు అంగస్తంభన సరిగా కావడం లేదు. తెల్లవారుజామున నిద్రలేచేటప్పుడు గట్టిదనం ఉంటోంది / ఉండడం లేదు. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నాయి / లేవు. వాడుతున్న మందులు: … బీడీ, సిగరెట్, మద్యం అలవాటు: … ఈ బాధతో నిద్ర పట్టడం లేదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తోంది / రావడం లేదు. నలుగురిలో చెప్పలేక రాసి ఇస్తున్నాను."

ఇందులో ఏ వాక్యమూ కొట్టేయకండి. తెల్లవారుజాము సంగతి డాక్టరుకు చాలా ముఖ్యం. అప్పుడు గట్టిదనం మామూలుగా ఉండి భార్య దగ్గర మాత్రమే విఫలమవుతుంటే మనసులోని భయం, దిగులు ప్రధాన కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఒకసారి విఫలమైన మనిషి తర్వాతి రాత్రి ఏమవుతుందోనని కంగారు పడతాడు. ఆ కంగారుకే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి రక్తనాళాలు బిగుసుకుంటాయి, మళ్లీ విఫలమవుతాడు. ఏ వేళా గట్టిదనం లేకపోతే షుగరు, బీపీ, కొలెస్టరాల్, హార్మోన్లు, వాడుతున్న మందుల వైపు చూస్తారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి.

ఐదు ప్రశ్నలున్న ఒక పత్రాన్ని డాక్టర్లు వాడుతుంటారు. మొత్తం 25 మార్కులు. 21 లేదా అంతకంటే తక్కువ వస్తే లోపం ఉన్నట్లు లెక్క, ఎంత తగ్గితే తీవ్రత అంత ఎక్కువ. పరువు కోసం ఎక్కువ వేసుకోకండి. మందు మోతాదు ఆ జవాబుల మీద కూడా ఆధారపడుతుంది.

మరవకూడని కాగితం

పాత మందుల చీటీలు, లేకపోతే ఖాళీ మాత్రల అట్టలైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి. ముఖ్యంగా గుండెకు వాడేవి. ఈ సమస్యకు సాధారణంగా రాసే సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలను ఛాతీ నొప్పికి వాడే నైట్రేట్ మందులతో కలిపి వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ ఆ జాతి మందే. గుండె జబ్బు ఉందని చెబితే మాత్ర రాయరేమోనని దాచిపెట్టేవారున్నారు. దయచేసి దాచకండి. నైట్రేట్లు వాడేవారికి వేరే దారులు ఉన్నాయి, డాక్టరే చూపిస్తారు. బీపీ మందుల్లో కొన్ని, దిగులుకు వాడే మందుల్లో కొన్ని కూడా అంగస్తంభనను తగ్గిస్తాయి. అలాంటివి మార్చి రాయవచ్చు. మీ అంతట మీరు మానేయకూడదు.

రక్తపరీక్షల్లో షుగరు, కొలెస్టరాల్, అవసరమైతే థైరాయిడ్, టెస్టోస్టిరాన్ ఉంటాయి. టెస్టోస్టిరాన్ కోసం ఉదయం పూటే రక్తం తీస్తారు, ఎండ ఎక్కాక ఇస్తే లెక్క తక్కువగా కనబడవచ్చు. ఏమీ తినకుండా వెళితే అదే రోజు పని పూర్తి కావచ్చు. షుగరు మాత్రలో, ఇన్సులిన్నో వాడేవారు మాత్రం ఖాళీ కడుపున మందు తీసుకోకండి. డబ్బాలో టిఫిన్ పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక తిని మందు వేసుకోండి.

ఈసీజీ కూడా రాస్తే కంగారు పడకండి. అంగానికి రక్తం తీసుకువెళ్లే ధమనులు గుండె ధమనుల కంటే సన్నవి. కొవ్వు పేరుకోవడం మొదలైతే అక్కడ ముందు తెలుస్తుంది, గుండెనొప్పి కొన్నేళ్ల తర్వాత వస్తుంది. సిగ్గుపడి దాచుకున్న ఈ లక్షణమే కొందరికి గుండెను కాపాడిన హెచ్చరిక అయింది.

గోడల మీది ప్రకటనలు

బస్టాండు మరుగుదొడ్ల గోడల మీద, కరెంటు స్తంభాల మీద "గుప్త రోగాలకు శాశ్వత చికిత్స", "ఒక్క కోర్సుతో మగతనం" అని కనిపిస్తాయి. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అంటే ఆ కాగితం గోడ మీద అతికించినప్పుడే చట్టం తప్పినట్లు. మూలికల పేరుతో అమ్మే ఇలాంటి పొడుల్లో సిల్డెనాఫిల్ కలిపి ఉండడం ఎన్నోసార్లు బయటపడింది. గుండె మందు వాడే మనిషి తెలియక అది తింటే ఏమవుతుందో పైన చెప్పాను. ఇలాంటి ప్రకటనలు, మందులు మీ కంటపడితే తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం ఉచిత నంబరు 1800 599 6969కు పనిదినాల్లో ఫోను చేయవచ్చు.

ఆసుపత్రి ఆవరణలోనే "పెద్ద డాక్టరు తెలుసు, రెండు వందలిస్తే ముందు పంపిస్తా" అనేవారు తగులుతారు. ఇవ్వకండి. డబ్బు పోవడం ఒక ఎత్తు. మీ సమస్య ఒక బయటి మనిషి నోట్లో పడడం అంతకంటే పెద్ద నష్టం.

బతుకు మీద విరక్తి కలిగితే

డాక్టరుకు ఇచ్చే కాగితంలో బతకాలని లేదన్న ఆలోచన గురించిన వాక్యం ఊరికే పెట్టింది కాదు. ఈ సమస్యతో ఇంట్లో మాట తగ్గుతుంది. భర్తకు తనంటే ఇష్టం పోయిందేమోనని భార్యకు అనుమానం, ఆయనకు తాను మగవాడినే కాదన్న కుమిలిపాటు. కొత్తగా పెళ్లైన కుర్రవాడైతే అత్తగారింటి వరకు పంచాయితీ వెళుతుంది. దిగులు అంగస్తంభనను తగ్గిస్తుంది, అది తగ్గితే దిగులు ఇంకా పెరుగుతుంది. అందుకే డాక్టరు సైకియాట్రీకి పంపితే "నన్ను పిచ్చివాడంటున్నారు" అని చీటీ చించేయకండి. రెండు చికిత్సలూ కలిసి నడిస్తేనే చాలామందికి గుణం కనిపిస్తుంది.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఓపీ రోజు కోసం ఆగవద్దు. 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. లేదా నేరుగా ఎమర్జెన్సీ విభాగానికి వెళ్లండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే అన్నదమ్ములకో స్నేహితుడికో అప్పగించి, కొన్నాళ్లు వారి దగ్గరే ఉంచమనండి. కారణం చెప్పలేకపోతే చెప్పకండి, డబ్బాలు మాత్రం ఇంట్లో ఉండనివ్వకండి.

మీరు ఒంటరివారు కాదని ఊరికే అనడం లేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల పురుషులను పరిశీలించి 1994లో ప్రచురించిన అధ్యయనంలో సగానికి పైగా మందిలో ఏదో ఒక స్థాయిలో ఈ లోపం కనిపించింది. చీటీల వరుసలో మీ ముందూ వెనకా ఉన్నవారిలో ఇంకొకరు ఇదే మాటను గొంతులో నొక్కుకుని నిలబడి ఉండవచ్చు.

మందు రాశాక

డాక్టరు రాసిన మాత్రను చీటీతోనే కొనండి. జనరిక్ రూపంలో తక్కువ ధరకే దొరుకుతుంది. సిల్డెనాఫిల్ కలయికకు సుమారు గంట ముందు వేసుకోవాలి. కడుపు నిండా నూనె వంటకాలు తిన్నాక వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. మాత్ర దానంతట అది కోరిక పుట్టించదు, దగ్గరితనం ఉంటేనే పని చేస్తుంది. గట్టిదనం నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే రాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఛాతీ నొప్పి వస్తే, ఈ మాత్ర వేసుకున్నానని అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి.

మొదటిసారి పనిచేయలేదని మానేసేవారే ఎక్కువ. సరైన మోతాదులో, సరైన సమయంలో ఆరేడు సార్లు చూశాకే మందు పని చేయలేదని అనుకోవాలి. అప్పటికీ ఫలితం లేకపోతే వాక్యూమ్ పరికరం, సూదిమందు, చివరగా ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఉన్నాయి. షుగరు అదుపులోకి రావడం, బీడీ మానడం, రోజూ నడవడం వీటన్నిటితో పాటు జరగాలి.

రెండోసారి వెళ్లేటప్పుడు పాత ఓపీ చీటీ తప్పకుండా తీసుకువెళ్లండి. దాని వెనక వైపు తేదీలు వేసి, ఏ రోజు మాత్ర వేసుకున్నారో, పనిచేసిందో లేదో ఒక్కో మాటలో రాసుకోండి. లోపల మళ్లీ గొంతు పెగలకపోతే చీటీ తిప్పి చూపించవచ్చు.