చక్రాలు తీసేస్తేనే రోబో కదిలింది

ర్యుగు లాంటి గ్రహశకలంపై గురుత్వం భూమిలో సుమారు 80 వేలో వంతు. కిలో రోబో అక్కడ 12 మిల్లీగ్రాముల బరువే తూగుతుంది. చక్రానికి పట్టు ఎక్కడిది? కొంచెం గట్టిగా తిప్పితే రోబోయే పైకి లేస్తుంది.

అందుకే అలాంటి చోటి కోసం నేను చేస్తున్న పెట్టెలాంటి రోబోకి చక్రాలు పీకేసి, పెట్టె లోపల మోటారుతో ఫ్లైవీల్ (గిర్రున తిరిగే బరువైన చక్రం) పెట్టాను. దాన్ని తిప్పి, ఠక్కున బ్రేకు వేస్తే ఆ ఊపుకి పెట్టె గెంతుతుంది. 2018లో ర్యుగుపై దిగిన జపాన్ చిన్న రోబోలు, మినర్వా రోవర్లదీ గెంతుడే. మొదట్లో నున్నటి అంచుల వల్ల పెట్టె జారి, ఉన్నచోటే బొంగరమైంది. మూలమూలకీ ముళ్లు బిగించాక నేలని పట్టుకుంది.

వేగంతో మాత్రం జాగ్రత్త. సెకనుకి 5 సెంటీమీటర్లు చాలు: సుమారు 20 మీటర్ల గెంతు, పది నిమిషాల ప్రయాణం. 35 దాటితే ఇక తిరిగి రాదు! బ్రేకు బలాన్ని సాఫ్ట్‌వేర్‌కి వదలకుండా మోటారు గరిష్ఠ వేగాన్నే తగ్గించాను.